తూర్పు మూల తవ్వొద్దు

గౌరవనీయులైన ఇంటి యజమానురాలు గారికి,

మీ ఇంట్లో ఎనిమిది నెలలుగా అద్దెకుంటున్న బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు నమస్కారాలు. మేమిద్దరం క్షేమం. మీరూ, పోస్టాఫీసు బాబాయిగారూ, ఆయన తల్లిగారూ కులాసా అని తలుస్తాను. మామ్మగారి మోకాళ్ల కోసమని ఆస్పత్రి పక్కకి మారారు కదా, ఆ మూడో అంతస్తు మెట్లు మోకాళ్లకి ఎలా ఉన్నాయో రాయండి.

విషయం ఏమిటంటే, నాకు రక్తపోటు వచ్చింది. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు. కాలిపోయిందంటే నిజంగా కాలిందా, పోయిందంటే నిజంగా పోయిందా అని పొద్దస్తమానం జనాన్ని అనుమానించడమే నా పని. డాక్టరుగారు ‘రోజుకో గంట ఎవర్నీ అనుమానించనక్కర్లేని పని చెయ్యండి, నాలుగు మొక్కలు పెంచండి’ అన్నారు. మొక్కలు అబద్ధాలాడవని ఆయన నమ్మకం.

అందుచేత మీ పెరట్లో కాసిని కూరగాయలు వేసుకోవడానికి అనుమతి కోరుతున్నాను. పెరడంతా కొలిచాను. పక్కవాళ్ల మేడ నీడ వల్ల బట్టలుతికే బండ దగ్గర గంటన్నర ఎండ తగులుతోంది. కుళాయి దగ్గర రెండు గంటలు. తూర్పు మూల మాత్రం అయిదు గంటల పది నిమిషాలు. కాబట్టి తూర్పు మూలలోనే మొదలుపెడదామనుకుంటున్నాను.

ఇట్లు,
విధేయుడు,
మీ అద్దెదారు

తా.క. ఈ పెరట్లోంచి ఒక్క కాయ తన వంటింట్లోకి వస్తే ఇక జన్మలో నన్ను సాధించనని మా ఆవిడ అంటోంది. ఈ మాట ఆవిడ చేత కాగితం మీద రాయించి, పక్కింటావిడ చేత సాక్షి సంతకం పెట్టించాను. దయచేసి అనుమతించండి.

*

చిరంజీవి అద్దెదారు అబ్బాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాతికేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నీ ఎండ లెక్క కూడా సరిచూశాను. పదికి ఏడు వేశాను. తూర్పు మూల మాటెత్తినందుకు మూడు తీసేశాను.

మొక్కలు వేసుకో నాయనా, సంతోషమే. బండ దగ్గర వేసుకో, కుళాయి దగ్గర వేసుకో, గోడ మీద డబ్బాల్లో వేసుకో. తూర్పు మూల జోలికి మాత్రం వెళ్లకు. ఎందుకని అడక్కు.

ఇంకొక మాట. నాకు ఎప్పుడు రాసినా కవర్లో పెట్టి అంటించి పంపు. కార్డు రాయకు. మీ బాబాయిగారు ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొట్టిన మనిషి. అంటించిన కవరైతే ఇల్లు తగలబడుతున్నా విప్పరు, అది ఆయన నీతి. కార్డైతే అటూ ఇటూ తిప్పి, ముద్ర మీద తేదీతో సహా చదివిగాని నా చేతికివ్వరు. అది ఆయన హక్కట.

మా అత్తగారి మోకాళ్లకి మెట్లు బాగానే పనిచేశాయి. మళ్లీ ఎక్కాల్సి వస్తుందని ఆవిడ అసలు దిగడమే మానేశారు.

ఆశీస్సులతో,
మీ ఇంటి పిన్నిగారు

తా.క. తూర్పు మూల అంటే మొత్తం మూల. గోడ నుంచి నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు.

*

పూజ్యులైన పిన్నిగారికి నమస్కరించి రాయునది.

పని మొదలుపెట్టాను. కుళాయి పక్కన రెండు వరసలు చేసి చిక్కుడు విత్తనాలు ఇరవై నాలుగు నాటాను. ఒక్కొక్కదానికీ నంబరు రాసిన పుల్ల గుచ్చి, ఒక రిజిస్టరు తెరిచాను. నాటి నేటికి పన్నెండు రోజులైంది. ఫలితం శూన్యం.

ఇందులో నా అశ్రద్ధ ఏమీ లేదు. మూడో రోజు నుంచి రోజూ పొద్దున్నే ప్రతి విత్తనాన్నీ తవ్వి తీసి, మొలకెత్తిందో లేదో చూసి, రిజిస్టరులో రాసుకుని, మళ్లీ జాగ్రత్తగా పాతిపెడుతున్నాను. ఏడో నంబరు కొంచెం ఉబ్బినట్టు కనిపించింది. ఎనిమిదో రోజున చూస్తే అదీ డీలా పడింది. విత్తనాల కొట్టువాడు నకిలీ సరుకు ఇచ్చాడని నా అనుమానం. వాడి వాంగ్మూలం తీసుకోబోతే లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

ఎండ చాలడం లేదేమో కూడా. తూర్పు మూల సంగతి మరోసారి ఆలోచిస్తారా?

ఇట్లు,
మీ అద్దెదారు

తా.క. ఎందుకని అడగొద్దన్నారు కాబట్టి అడగడం లేదు. కాకపోతే నా వృత్తిలో ‘ఎందుకని అడక్కు’ అన్నవాళ్ల ఫైలు విడిగా పెడతాం.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నేను పెద్దగా నవ్వితే, మీ బాబాయిగారు ఏమిటేమిటని అడిగారు. విత్తనాల ముక్క వరకూ చెప్పాను. రోజంతా నవ్వుతూనే ఉన్నారు. కొంతసేపయ్యాక నాకు మాత్రం నవ్వు పోయి చెమట పట్టింది. పాతిపెట్టినదాన్ని మూడో రోజు నుంచీ రోజూ తవ్వి చూసుకునే మనిషికి నా ఇల్లు అద్దెకిచ్చానా అనిపించింది.

నాయనా, విత్తనం దోషి కాదు. దాన్ని తనిఖీ చెయ్యకూడదు. వేసి, మట్టి కప్పి, తడి ఆరకుండా చూసుకుని, దాని మానాన దాన్ని వదిలెయ్యి. రిజిస్టరు అటక మీద పడెయ్యి.

తూర్పు మూలలో మురుగునీటి గొట్టం ఉంది. అందుకే వద్దన్నాను. ఇక ఆ ప్రస్తావన తేకు.

ఆశీస్సులతో,
మీ పిన్నిగారు

తా.క. ఎలుకల బొరియలు కూడా ఉన్నాయి. పెద్ద పెద్దవి.

*

పూజ్యులైన పిన్నిగారికి నమస్కారాలు.

శుభవార్త. కొత్తగా నాటిన చిక్కుళ్లలో పదకొండు మొలిచాయి! తవ్వకుండా ఉండటానికి రోజూ పొద్దున్నే మా ఆవిడ నా చేతికి పేపరిచ్చి వీధివైపు కూర్చోబెడుతోంది. పదకొండూ ఆరోగ్యంగా ఉన్నాయి. కాకపోతే అన్నీ ఎండ కోసం తూర్పు మూల వైపే మెడలు చాస్తున్నాయి.

ఇక గొట్టం సంగతి. దానికి దెబ్బ తగలకూడదు కదా అని కుళాయిలు బాగుచేసే మనిషిని పిలిచి చూపించాను. మురుగు గొట్టం పడమటి గోడ పక్కనుంచి పోతోందట. ‘ఇంటికి తూర్పున గొట్టమేమిటి సార్, నీళ్లు పైకెక్కుతాయా?’ అన్నాడు. ఎలుకలు పట్టే అతన్నీ తీసుకొచ్చాను. బొరియ కాదు కదా, చీమల పుట్ట కూడా లేదన్నాడు.

పిన్నిగారూ, మీరంటే నాకు తల్లితో సమానమైన గౌరవం. అయితే ఒకే క్లెయిముకి రెండు కారణాలు చెప్పి, రెండూ నిలబడకపోతే, ఎంత వద్దనుకున్నా నాకు రక్తపోటు పెరుగుతుంది. డాక్టరుగారు దేనికోసం మొక్కలు పెంచమన్నారో ఆ పని ఎదురు తిరిగింది. అక్కడ ఏముంది?

ఇట్లు,
మీ అద్దెదారు

తా.క. నిన్న వాన పడ్డాక గమనించాను. పెరడంతా నీళ్లు నిలిచాయి. తూర్పు మూలలో మాత్రం నిలువునా మూడడుగులు, అడ్డంగా ఒకటిన్నర అడుగు మేర నేల కొంచెం దిగింది.

*

అబ్బాయికి,

ఈ ఉత్తరం చదవగానే చించెయ్యి.

నువ్వు వదిలే రకం కాదని తెలిసిపోయింది కాబట్టి కొంత చెప్తాను. నేను కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ, సాయంత్రం ఆరయ్యేసరికి ఒక గోల మొదలయ్యేది. ఎనిమిది దాకా ఆగేది కాదు. ఏడుపంటే ఏడుపు కాదు, మూలుగంటే మూలుగు కాదు. పాలవాడు దారి మార్చుకున్నాడు. పక్కింటివాళ్ల కుక్క ఊరొదిలి పోయింది. పన్నెండేళ్లు పళ్లు బిగబట్టి భరించాను. మీ బాబాయిగారితో ఒక్క మాట అనలేకపోయాను. ఆయనకి ప్రాణంతో సమానం.

ఆయన ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఊరెళ్లినప్పుడు ధైర్యం చేసి, నా ఈ చేతులతోనే ఆ పని ముగించి, ఆ మూలలో పెట్టేశాను. ఆయన వచ్చి ఇల్లంతా వెతికి కూలబడిపోయారు. పెరటి తలుపు గడియ వేయడం మరిచిపోయానని, ఏమైందో నాకు తెలియదని చెప్పాను. పోలీసులకి కూడా చెప్పారు. మన వీధిలోనే ఉండే కానిస్టేబులు ఆ గోలకి అలవాటుపడ్డవాడే, నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు.

ఇది జరిగి ముప్ఫై ఒక్క ఏళ్లు. ఇప్పటికీ ఆయన పొద్దున్నే కాఫీ తాగి, కిటికీలోంచి చూస్తూ ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆ నిట్టూర్పు విని ఊరుకోలేను. రెండో కప్పు కాఫీ తెచ్చి చేతిలో పెడతాను. నిజం తెలిస్తే ఆ మనిషి ఇక నా మొహం చూస్తారా? నా కాపురం నీ పలుగు కింద ఉంది నాయనా.

మీ పిన్ని

తా.క. తప్పు చేశానని తెలుసు. అయినా ఆ మర్నాడు వీధిలో ఒక్కొక్కళ్లే వచ్చి ఏమీ అడక్కుండా నా చేతులు పట్టుకుని వెళ్లారు.

*

పిన్నిగారికి,

మీ ఉత్తరం చించేశాను. తర్వాత ముక్కలు ఏరి కాల్చేశాను. తర్వాత బూడిద కుళాయి కింద కడిగేశాను. ఆ నీళ్లు చిక్కుడుపాదుల్లోకి పోయాయని గుర్తొచ్చి ఆ కాయలు తినొచ్చా లేదా అని ఆలోచిస్తున్నాను.

నా సర్వీసులో చాలా చూశాను గానీ ఇంత ప్రశాంతంగా ఒప్పుకున్నవాళ్లని చూడలేదు. మా ఆవిడకి చెప్పలేదు. పెరటి తలుపు మాత్రం లోపలి నుంచి గడియ వేసి, దానికి బీరువా అడ్డం పెట్టాను. మొక్కలకి నీళ్లు వంటింటి కిటికీలోంచి చెంబుతో విసురుతున్నాను. అయిదు మొక్కలకే అందుతున్నాయి.

పన్నెండేళ్లు భరించారంటే మీ తప్పు మాత్రమే అని నేననను. ముసలితనంలో మనుషులు మూలుగుతారు. కానీ దానికి వైద్యం ఉంది కదా పిన్నిగారూ.

భయభక్తులతో,
మీ అద్దెదారు

తా.క. మీ మామగారు ఏ సంవత్సరంలో, ఎక్కడ కాలం చేశారో తెలుసుకోవచ్చా? ఊరికే అడుగుతున్నాను.

*

ఒరే అబ్బాయ్,

ముందు ఆ బీరువా తీసి మొక్కలకి నీళ్లు పొయ్యి. మా మామగారు నా పెళ్లికి ఏడాది ముందే, ఆస్పత్రిలో, జ్వరంతో, అందరూ చుట్టూ ఉండగా పోయారు. నీ తా.క. మా అత్తగారికి చదివి వినిపించాను. తొంభై ఒక్క ఏళ్ల మనిషి, దగ్గు తెరలొచ్చేదాకా నవ్వి, ‘నిన్ను అనుమానించాడు గానీ నన్నెందుకు అనుమానించలేదు?’ అని చిన్నబుచ్చుకున్నారు.

అక్కడ ఉన్నది ఫిడేలు రా. మీ బాబాయిగారి ఫిడేలు. మా మామగారు కొనిచ్చి, రోజూ రెండు గంటలు వాయిస్తానని కొడుకు దగ్గర మాట తీసుకుని పోయారు. ఈయన మాట తప్పని మనిషి. పన్నెండేళ్లు వాయించినా పన్నెండో ఏట కూడా మొదటి రోజులాగే వాయించారు. రేకు పెట్టెలో పెట్టి పాతేశాను. చెమ్మ తగులుతుందేమోనని ఆయన నాకు కొనిచ్చిన ఉన్ని శాలువా చుట్టాను. ఆ శాలువా అంతకు ముందు ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

ఇప్పుడు కొంప మునిగింది. నీ తోట కబుర్లు విని ఈయనకి ఉత్సాహం పుట్టుకొచ్చింది. వచ్చే ఆదివారం పొద్దుటి బండికి వచ్చి, నీ చిక్కుళ్లకి స్వయంగా పందిరి వేస్తారట. పందిరి ఎండలో ఉండాలి కాబట్టి గుంజలు తూర్పు మూలలోనే పాతాలట! ఎంత చెప్పినా వినడం లేదు. ఈ లోపల నువ్వే తవ్వి, ఆ పెట్టె తీసి, ఎక్కడికైనా చేర్చెయ్యి. పని అయినట్టు నాకు వెంటనే రాయి. కవర్లో రాయి.

మీ పిన్ని

తా.క. ఈ సంగతి నాకూ మా అత్తగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ రోజు నాకు పలుగు అందించింది ఆవిడే. ఇన్నేళ్లూ పొక్కనివ్వలేదు, ఊరికే కాదులే. అందుకే రోజూ మధ్యాహ్నం ఆవిడకి కూడా, ఎవరికీ తెలియకుండా, ఒక కప్పు అదనపు కాఫీ పోస్తున్నాను.

*

పిన్నిగారికి,

పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయి. కొత్తవి సోమవారం గాని రావట, ఎల్లుండే ఆదివారం. అందుకని గత్యంతరం లేక ఈ కార్డు. బాబాయిగారు చదివినా అర్థం కాకుండా మొక్కల భాషలో రాస్తున్నాను.

తమరు ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట నాటిన విత్తనాన్ని తవ్వాను. పెట్టె దొరికింది. శాలువా దొరికింది. అందులో ఉండవలసిన ఆ సన్నటి మెడ, లావుపాటి పొట్ట ఉన్న కాయ మాత్రం, కమానుతో సహా, లేదు. శాలువాలో ఎంతో ప్రేమగా చుట్టిన ఇటుక ఒకటి ఉంది. ఎవరో మనకంటే ముందే కోసుకుపోయారు. నాకు విత్తనాల కొట్టువాడి మీద అనుమానంగా ఉంది.

మీ అద్దెదారు

తా.క. బాబాయిగారికి నమస్కారాలు.

*

చిరంజీవి అద్దెదారు గారికి ఆశీస్సులు. మీ నమస్కారం అందింది.

కార్డు శనివారం పొద్దున వచ్చింది. హక్కు ప్రకారం చదివాను. ఆదివారం నేను బండి ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం లేకపోయింది. నేను వస్తానన్నది పందిరి కోసం కాదు బాబూ, ఆ ఇటుక కోసం. మీరు విత్తనాల్ని తవ్వి తీసి చూస్తున్నారని మా ఆవిడ చెప్పినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ఈ మనిషి ఏదో ఒకరోజు ఆ ఇటుక బయటికి లాగి మా ఆవిడకి ఉత్తరం రాస్తాడని అప్పుడే అనుకున్నాను.

ఊరి నుంచి వచ్చిన రోజే పెరట్లో తడి మట్టి చూశాను. మర్నాడు ఆవిడ బడికెళ్లాక తవ్వాను. శాలువా విప్పేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మురుగుకాలవలో పారెయ్యొచ్చు, పొయ్యిలో పెట్టొచ్చు. తను ఇంతంటే ఇంతగా అసహ్యించుకునే వస్తువుకి, చలి వెయ్యకుండా తన కొత్త శాలువా కప్పి పడుకోబెట్టింది. ఇలాంటి మనిషిని నేను పన్నెండేళ్లు ఏడిపించానా అని సిగ్గేసింది.

నిజానికి ఆ ఫిడేలంటే నాకూ అంతే. మా నాన్నకిచ్చిన మాట కోసం రోజూ ఆరు గంటలు కొట్టేసరికి గుండె రాయి చేసుకుని తీసేవాణ్ని. దొంగలు పడి ఎత్తుకుపోతే బాగుండునని మొక్కుకునేవాణ్ని. ఇంట్లోనే దొంగ దొరికింది. వాయిద్యం తీసి మా సెక్షన్లో గుమాస్తాగారి కూతురికి ఇచ్చేశాను. మా ఆవిడ ఎప్పుడైనా పెట్టె కదిపి చూస్తే తేలిగ్గా ఉండకూడదని ఇటుక పెట్టాను. ఆ పిల్ల ఇప్పుడు పెద్ద విద్వాంసురాలు. మొన్న రేడియోలో వాయిస్తుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని విని, ‘ఇలా ఒక్క రోజైనా వాయించారా మీరు?’ అంది.

మరి నిట్టూర్పు ఎందుకంటారా? మొదట్లో రెండు రోజులు మర్యాద కోసం నిట్టూర్చాను. రెండో రోజు రెండో కప్పు కాఫీ వచ్చింది. మా ఇంట్లో నాకు కాఫీ ఒక్క కప్పే, డాక్టరు ఆర్డరు. అప్పటి నుంచి మానలేకపోయాను.

కాబట్టి నాకొక ఉపకారం చెయ్యండి. మా ఆవిడకి మళ్లీ ఒక ఉత్తరం రాయండి, కవర్లో పెట్టి. పెట్టెలో ఫిడేలు చెక్కు చెదరకుండా ఉందని, ఎవరో ఆడపిల్లకి ఇచ్చేశామని, చాలా బాగా వాయిస్తోందని రాయండి. అందులో తేదీ ఒక్కటే అబద్ధం. మీ కార్డు ఆవిడ దాకా వెళ్లలేదు. ముప్ఫై నాలుగేళ్ల నా సర్వీసులో ఒక్క ఉత్తరం కూడా పోలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ని. మీ కార్డే మొదటిది. ఇప్పుడు నా జేబులో పోయి ఉంది.

శాలువా ఉతికి, మీ ఆవిడకి నా ఆశీస్సులతో ఇవ్వండి. తూర్పు మూల ఇకనుంచి మీది. ఎంత లోతుకైనా తవ్వుకోండి. మొదటి కోత చిక్కుడుకాయలు మీ ఆవిడ వంటింటికే పంపండి, ఆవిడ రాసిచ్చిన ఆ కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

ఆశీస్సులతో,
మీ పోస్టాఫీసు బాబాయి

తా.క. ఇదంతా నాకూ మా అమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ రోజు నాకు పలుగూ, ఇటుకా రెండూ అందించింది ఆవిడే. నోరు మెదపనని ఒట్టు వేసింది, వేసిన ఒట్టు నిలబెట్టుకుంది. అందుకే రోజూ నా రెండో కప్పులో సగం ఆవిడకి రహస్యంగా పోస్తాను. పాపం, ఈ వయసులో మా అమ్మకి దక్కే అదనపు కాఫీ ఆ సగం కప్పే.